పేగు కండరాలను సడలించే మూడు వాయువులు

వాయువు కూడా సంకేతం మోయగలదన్న సంగతి వ్యవసాయ విద్యార్థికి కొత్త కాదు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ ప్రయోగశాలలోని బఠాణీ మొలకలు వంకరపోవడానికి దీపాల గ్యాసులో ఉన్న ఇథిలీన్ కారణమని గుర్తించాడు. పండుతున్న ఆపిల్ కాయలు తామే ఇథిలీన్‌ను విడుదల చేస్తాయని 1934లో ఆర్. గేన్ రసాయనికంగా నిరూపించాడు. ఈనాడు మామిడి మాగబెట్టే గదుల నుండి అరటి గోదాముల వరకు ఆ జ్ఞానమే ఉపయోగపడుతున్నది. జంతు శరీరధర్మశాస్త్రం మాత్రం ఈ భావనను అంగీకరించడానికి మరో అర్ధశతాబ్దం తీసుకున్నది. నాడీకణం నుండి వెలువడే సంకేతం అంటే చిన్న సంచుల్లో నిల్వ ఉండి, అవసరమైనప్పుడు బయటపడి, ఎదుటి కణత్వచం మీది గ్రాహకానికి అంటుకునే పదార్థమేనన్న అభిప్రాయం అంత బలంగా నాటుకుపోయింది.

ఆ అభిప్రాయాన్ని మార్చిన అణువులు మూడు: నైట్రిక్ ఆక్సైడు, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు. మూడూ విషవాయువులుగానే లోకానికి పరిచయం. మొదటిది వాహనాల పొగలో, రెండవది తలుపులు మూసిన గదిలోని బొగ్గుల కుంపటిలో, మూడవది కుళ్లిన గుడ్ల వాసనతో మురుగు గుంతలలో ఉంటుంది. అయితే జంతు దేహం ఈ మూడింటిని అత్యల్ప పరిమాణాలలో, ప్రత్యేక ఎంజైముల సహాయంతో, తానే తయారు చేసుకుంటుంది. ఇవి మూడూ కలిసి పనిచేసే తీరును పరిశీలించడానికి జీర్ణనాళపు గోడ అనువైన స్థలం. పశువు పొట్టలో పులియడం వల్ల లీటర్ల కొద్దీ పుట్టే కార్బన్ డయాక్సైడు, మీథేన్‌లతో వీటిని కలపరాదు. ఆ వాయువులు త్రేన్పుగా బయటకు పోవలసిన వ్యర్థాలు. ఇవి ఒక కణం పక్క కణానికి పంపే కబుర్లు.

గోడలో కండరం, నాడి

జీర్ణనాళపు గోడలో నునుపు కండరం ప్రధానంగా రెండు పొరలుగా ఉంటుంది. లోపలిది నాళాన్ని చుట్టి ఉండే వలయాకార పొర, వెలుపలిది పొడవునా సాగే పొర. రెండింటి నడుమ ఆవర్‌బాఖ్ నాడీవల ఉంటుంది. మెదడుతో తెగిపోయినా తన పనిని చాలావరకు తానే నడుపుకోగల వ్యవస్థ ఇది. వీటికి తోడు, స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ పేరుతో పిలిచే మధ్యంతర కణాలు కండరానికి లయను అందిస్తాయి. మనిషి జీర్ణాశయంలో ఈ లయ నిమిషానికి 3 సార్లు, చిన్నపేగు మొదటి భాగంలో సుమారు 12 సార్లు. పశువులలో రెటిక్యులం, రూమెన్ సంకోచాలు సుమారు నిమిషానికి ఒకసారి వస్తాయి. వాటిని ప్రధానంగా మెదడు నుండి వచ్చే వేగస్ నాడి నడుపుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆన్చి పశువైద్యుడు లెక్కపెట్టేది దీనినే.

నునుపు కండరం ముడుచుకోవడానికి కణంలో కాల్షియం పెరగాలి. కాల్షియం కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీనుతో కలిసి ఒక కైనేజ్ ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము మయోసిన్ తేలిక గొలుసుకు ఫాస్ఫేటును తగిలిస్తే సంకోచం మొదలవుతుంది. మరొక ఎంజైము, మయోసిన్ ఫాస్ఫటేజ్, ఆ ఫాస్ఫేటును ఊడదీస్తుంది. కండరం ఏ క్షణాన ఎంత బిగువుగా ఉంటుందన్నది ఈ రెండు ఎంజైముల మధ్య తూకాన్ని బట్టి ఉంటుంది.

సడలిక అంటే సంకోచం ఆగిపోవడం మాత్రమే అనుకోవడం విద్యార్థులలో తరచు కనిపించే పొరపాటు. 1899లో బేలిస్, స్టార్లింగ్ కుక్క పేగు మీద చేసిన ప్రయోగాలలో, పేగులో ఒక చోట ఉద్దీపన కలిగిస్తే దాని పై భాగం ముడుచుకుంటుందని, కింది భాగం వదులవుతుందని తేలింది. ఆ వదులు కావడం నాడి ఆజ్ఞతో జరిగే పని. చేను తడిపే రైతుకు ఇది చెప్పనక్కరలేదు. ముందున్న మడవ తెరవకుండా వెనుక నుండి నీరు వదిలితే గట్టు తెగుతుంది. మేత మింగినప్పుడు ఆహారనాళం అడుగున ఉన్న సంవరిణి కండరం తెరుచుకోవాలి. జీర్ణాశయం పీడనం పెరగకుండా సాగి చోటివ్వాలి. పైలోరస్ సమయానికి వదులు కావాలి. ఈ తెరిచే పనిలో వాయువులకు ముఖ్యమైన పాత్ర ఉన్నది.

పేరు లేని నాడి కోసం అన్వేషణ

1960లలో ఆస్ట్రేలియాలో జెఫ్రీ బర్న్‌స్టాక్ బృందం గినీ పంది పెద్దపేగు కండరపు పట్టీ మీద పనిచేసింది. అప్పటికి తెలిసిన రెండు నాడీ ప్రసారకాలు, అసిటైల్ కోలిన్, నారడ్రినలిన్‌ల ప్రభావాన్ని మందులతో నిలిపివేసిన తరువాత కూడా, నాడిని ఉద్దీపింపజేస్తే కండరం సడలుతూనే ఉంది. ఆ నాడులకు చాలాకాలం ‘అడ్రినెర్జిక్ కానివి, కోలినెర్జిక్ కానివి’ అన్న నిషేధార్థపు పేరే మిగిలింది. ఏమిటో తెలియక ఏది కాదో చెప్పిన పేరు అది. ఏటీపీ ఆ ప్రసారకమని బర్న్‌స్టాక్ ప్రతిపాదించాడు; ఆ మాటకు తగిన గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది. కానీ ఏటీపీ ఒక్కదానితో మొత్తం సడలిక వివరణకు అందలేదు.

మిగిలిన సమాధానం రక్తనాళాల వైపు నుండి వచ్చింది. నైట్రోగ్లిజరిన్ వంటి మందులు నైట్రిక్ ఆక్సైడును విడుదల చేసి గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును ఉత్తేజపరుస్తాయని 1977లో ఫెరీద్ మురాద్ చూపాడు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, కుందేలు మహాధమని పట్టీలపై పనిచేస్తూ, లోపలి పొర చెదరకుండా ఉంటేనే అసిటైల్ కోలిన్ కండరాన్ని సడలిస్తుందని, ఆ పొర రాసుకుపోయి ఊడితే సడలిక పోతుందని కనుగొన్నాడు. అంటే లోపలి పొర నుండి ఏదో అజ్ఞాత కారకం కండరానికి చేరుతున్నది. 1987లో సాల్వడార్ మొంకాడా బృందం, లూయీ ఇగ్నారో వేర్వేరుగా ఆ కారకం నైట్రిక్ ఆక్సైడేనని నిర్ధారించారు. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

పేగు పరిశోధకులు ఈ సూచనను వెంటనే అందుకున్నారు. 1990లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ శాస్త్రవేత్తలు, కుక్కలో చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట నాడులను ఉద్దీపింపజేస్తే నైట్రిక్ ఆక్సైడు విడుదలవుతుందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. 1993లో అమెరికాలో నాడీకణాల నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ జన్యువును తొలగించిన ఎలుకలను సృష్టించారు. మెదడులో పెద్ద లోపం కనిపిస్తుందని ఎదురుచూసిన వారికి కొట్టొచ్చినట్లు కనిపించిన మార్పు జీర్ణాశయంలో ఉంది. అది బాగా ఉబ్బిపోయింది, పైలోరస్ సంవరిణి దళసరి కట్టింది. ద్వారం సడలక లోపలి సరుకు ముందుకు సాగలేదు. ఒక ఎంజైము ఏమి చేస్తున్నదో చెప్పడానికి ఇంతకంటె సూటియైన సాక్ష్యం అరుదు.

నైట్రిక్ ఆక్సైడు పనితీరు

ఈ వాయువుకు నిల్వ లేదు. నాడి ఉద్దీపన చెందినప్పుడు దాని కొసలోకి కాల్షియం ప్రవేశిస్తుంది. కాల్షియం, కాల్‌మాడ్యులిన్ కలిసి సింథేజ్ ఎంజైమును మేల్కొలుపుతాయి. ఆ ఎంజైము ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని, ఆక్సిజన్‌ను తీసుకొని సిట్రులిన్‌ను, నైట్రిక్ ఆక్సైడును ఇస్తుంది. అంటే ఆజ్ఞ అందిన తరువాతనే తయారీ. తయారైన అణువుకు కణత్వచం అడ్డు కాదు, గ్రాహకం అక్కరలేదు. కొద్ది సెకన్లలోనే అది నశిస్తుంది. కాబట్టి దాని ప్రభావం పుట్టిన చోటికి సమీపంలోనే ఉంటుంది. కండరకణంలోని గ్వానిలేట్ సైక్లేజ్‌లో హీమ్ అనే ఇనుము గల భాగం ఉన్నది. నైట్రిక్ ఆక్సైడు ఆ ఇనుమును పట్టుకోగానే ఎంజైము వేగం అనేక రెట్లు పెరిగి చక్రీయ జీఎంపీని తయారుచేస్తుంది. దాని ఆధారంగా నడిచే ప్రోటీన్ కైనేజ్ ఒకేసారి మూడు పనులు చేస్తుంది. కణద్రవ్యంలో కాల్షియంను తగ్గిస్తుంది, మయోసిన్ ఫాస్ఫటేజ్‌ను ప్రోత్సహిస్తుంది, పొటాషియం మార్గాలను తెరిచి కణత్వచాన్ని మరింత రుణాత్మకం చేస్తుంది. ఫాస్ఫోడైఎస్టరేజ్-5 అనే ఎంజైము చక్రీయ జీఎంపీని విచ్ఛిన్నం చేసి ఈ సంకేతానికి ముగింపు పలుకుతుంది.

పేగులోని నిరోధక నాడి ఒక్క నైట్రిక్ ఆక్సైడునే కాదు, ఏటీపీ కోవకు చెందిన ప్యూరిన్‌ను కూడా విడుదల చేస్తుంది. ప్యూరిన్ వల్ల కండరపు విద్యుత్ పీడనం చటుక్కున పడి తిరిగి లేస్తుంది. నైట్రిక్ ఆక్సైడు వల్ల కలిగే మార్పు నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. బర్న్‌స్టాక్ చెప్పినదీ, ఆంట్వెర్ప్ బృందం చెప్పినదీ రెండూ నిజమే కావడం ఈ చరిత్రలో ముచ్చటైన విషయం.

మనుషులలో ఈ నాడులు దెబ్బతిన్నప్పుడు ఏమవుతుందో వైద్యశాస్త్రం చూపుతున్నది. అకలేషియా వ్యాధిలో ఆహారనాళపు కింది సంవరిణిలోని నైట్రిక్ ఆక్సైడు నాడులు నశిస్తాయి; మింగిన ముద్ద అక్కడే నిలిచిపోతుంది. పసిపిల్లలలో పైలోరస్ దళసరి కట్టి పాలు ఎగజిమ్మే వాంతులు వచ్చే వ్యాధిలో, ఆ కండరంలోని నాడులలో సింథేజ్ కొరత ఉన్నదని 1992లో వెల్లడైంది. పాడి ఆవులలో ఈనిన తరువాత అబొమేజం పక్కకు జరిగే జబ్బులో అదే అణువు మితిమీరి పనిచేస్తుందన్న సూచనలు ఉన్నాయి. అటువంటి ఆవుల కండరపు పట్టీలు అసిటైల్ కోలిన్‌కు సరిగా స్పందించలేదని, నైట్రిక్ ఆక్సైడు తయారీని నిలిపివేస్తే స్పందన మెరుగుపడిందని 1998లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధన తెలిపింది. కొరత వల్ల ద్వారం మూసుకుంటుంది, అతి వల్ల సంచి సోలిపోతుంది.

కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు

కార్బన్ మోనాక్సైడు హీమ్ విచ్ఛిత్తి నుండి పుడుతుంది. హీమ్ ఆక్సిజనేజ్ ఎంజైము హీమ్ వలయాన్ని తెరిచి బిలివర్డిన్‌ను, ఇనుమును, కార్బన్ మోనాక్సైడును విడదీస్తుంది. ఈ ఎంజైములో రెండవ రూపం పేగు నాడీకణాలలోను, కహాల్ కణాలలోను నిత్యం ఉంటుంది. కార్బన్ మోనాక్సైడు కూడా గ్వానిలేట్ సైక్లేజ్‌ను ఉత్తేజపరుస్తుంది గాని, ఆ బలం నైట్రిక్ ఆక్సైడుతో పోలిస్తే స్వల్పం. అందుకే దీని ప్రధాన పాత్ర క్షణికమైన ఆజ్ఞ కాదని, కండరం ఎంత సులువుగా స్పందించాలో నిర్ణయించే నేపథ్య సవరణ అని భావించడం ఉచితం. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జాన్‌రికో ఫరూజియా బృందం 2003లో ప్రకటించిన ఫలితాలు ఇందుకు ఆధారం. వలయాకార కండరపు మందంలో ఒక అంచు నుండి రెండవ అంచుకు కణాల విద్యుత్ పీడనం క్రమంగా మారుతుంది. రెండవ రూపపు హీమ్ ఆక్సిజనేజ్ లేని ఎలుకలలో కండరకణాల పీడనం తక్కువ రుణాత్మకంగా ఉండి, ఆ క్రమం కనిపించలేదు. బలహీన ఉద్దీపనకు కండరంలో కొంత మందమే కదలడం, బలమైన దానికి మొత్తం మందం కదలడం ఈ క్రమం వల్లనే సాధ్యమవుతున్నది.

హైడ్రోజన్ సల్ఫైడు సంగతి ఇంత స్పష్టంగా లేదు. 1997లో జపాన్‌లో హిదెయో కిమురా బృందం ఈ వాయువు ఇలియం కండరాన్ని సడలిస్తుందని, నైట్రిక్ ఆక్సైడుతో కలిసినప్పుడు ప్రభావం పెరుగుతుందని తెలిపింది. సిస్టీన్ అనే గంధకపు అమైనో ఆమ్లం దీనికి ముడిసరుకు. సిస్టాథియోనిన్‌కు సంబంధించిన రెండు ఎంజైములు, మెర్కాప్టోపైరువేట్ మార్గానికి చెందిన మరొకటి దీనిని తయారుచేస్తాయి. ఏటీపీకి స్పందించే పొటాషియం మార్గాలను తెరవడం దీని పనితీరులో ఒక భాగం. అన్ని కణజాలాలలోను అదే ముఖ్యం కాదు. స్వల్ప గాఢతలో కొన్ని జీర్ణాశయ కండరాలు సడలడానికి బదులు బిగుసుకోవడం కూడా నమోదైంది. పైగా పెద్దపేగులో డీసల్ఫోవిబ్రియో వంటి సల్ఫేటును క్షయకరించే బాక్టీరియాలు ఇదే వాయువును ఎడతెగక ఉత్పత్తి చేస్తుంటాయి. పేగు లోపలి పొర కణాలు దానిని ఆక్సీకరించి థయోసల్ఫేటుగా మారుస్తాయి. కాబట్టి కండరం దగ్గర కనిపించే సల్ఫైడులో కణం తయారుచేసినదెంత, సూక్ష్మజీవి పంపినదెంత అని విడదీయడం ప్రయోగకర్తకు కష్టమైన పని. సల్ఫైడు లవణాన్ని పెద్ద మోతాదులో కండరపు పట్టీ మీద పోసి వచ్చిన సడలికను సహజ సంకేతంగా చూపే ప్రచురణలను విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి.

మేత నుండి పొట్టకు

నాడులు చేసే నైట్రిక్ ఆక్సైడుకు తోడు జీర్ణాశయంలో ఎంజైము అవసరం లేని మరొక తయారీ కూడా ఉన్నది. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ వంటి వాటిలో నైట్రేటు సమృద్ధిగా ఉంటుంది. రక్తంలో చేరిన నైట్రేటులో సుమారు నాలుగవ వంతును లాలాజల గ్రంథులు తిరిగి నోటిలోకి పంపుతాయి. నాలుక మీది బాక్టీరియాలు దానిని నైట్రైటుగా మారుస్తాయి. మింగిన నైట్రైటు జీర్ణాశయపు ఆమ్లంతో కలిసి నైట్రిక్ ఆక్సైడును ఇస్తుందని 1994లో బ్రిటన్, స్వీడన్ శాస్త్రవేత్తలు వేర్వేరుగా చూపారు. చేలో వేసిన యూరియాలోని నత్రజని చివరకు ఈ రూపంలో కూడా పొట్టను చేరుతున్నది.

పశువులో కథ వేరు. రూమెన్ బాక్టీరియాలు నైట్రేటును నైట్రైటుగా, నైట్రైటును అమోనియాగా మారుస్తాయి. మొదటి మెట్టు వేగంగా, రెండవది నెమ్మదిగా సాగడం వల్ల, మేతలో నైట్రేటు అధికమైతే నైట్రైటు పోగుపడి రక్తంలో కలుస్తుంది. అది హీమోగ్లోబిన్‌లోని ఇనుమును ఆక్సీకరించి మెథెమోగ్లోబిన్‌గా మారుస్తుంది; ఆ రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. రక్తనాళాల నునుపు కండరం సడలి రక్తపు పోటు కూడా పడిపోతుంది. పేగులో కబురు మోసే వాయువూ, రక్తంలో ప్రాణం తీసే నైట్రైటూ రెండూ పట్టుకునేది హీమ్‌లోని ఇనుమునే.

విస్తరణ శాస్త్రవేత్తకు ఇక్కడ అసలు చిక్కు ‘జొన్న నాము’తో వస్తుంది. నాము సైనైడు వల్ల కలిగేది. లేత జొన్నలో, ఎండకు వాడి మళ్లీ చిగిర్చిన పిలకలలో అది ఎక్కువ. నైట్రేటు విషం కూడా బెట్ట తరువాత, అదే జొన్నలో, అదే రోజులలో రావచ్చు. రెండింటిలోను పశువు ఆయాసపడి గంటలలోనే పడిపోతుంది. తేడా రక్తం చెబుతుంది. సైనైడులో అది కెంపు రంగులో, నైట్రేటులో చాక్లెట్ గోధుమ రంగులో ఉంటుంది. సైనైడుకు ఇచ్చే విరుగుళ్లలో సోడియం నైట్రైటు ఒకటి. నైట్రేటు తగిలిన పశువుకు దానిని ఎక్కిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. నైట్రేటు విషానికి పశువైద్యులు వాడేది మిథిలీన్ బ్లూ. ఇదే రంగు పదార్థాన్ని ప్రయోగశాలలో గ్వానిలేట్ సైక్లేజ్‌ను అడ్డగించడానికి, అంటే సడలిక నైట్రిక్ ఆక్సైడు వల్లనా కాదా అని పరీక్షించడానికి, వాడుతూ వచ్చారు.

మేత నిల్వ విషయంలోను రెండు విషాలు వేరు. కోసి ఎండబెడితే సైనైడు చాలావరకు తగ్గిపోతుంది. నైట్రేటు మాత్రం ఎండుచొప్పలో అలాగే ఉండిపోతుంది. నాము భయం తీరిందని ఎండబెట్టిన చొప్పను నిశ్చింతగా వేసిన రైతు ఇక్కడే మోసపోతాడు. సైలేజి చేస్తే నైట్రేటు సాధారణంగా 40 నుండి 60 శాతం వరకు తగ్గుతుంది. కాకపోతే ఆ తగ్గే నత్రజనిలో కొంత నైట్రిక్ ఆక్సైడుగా బయటపడి, గాలి తగలగానే గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడుగా మారి గుంత అడుగున నిలుస్తుంది. సైలేజి నింపిన తొలి మూడు వారాలలో గుంతలోకి దిగడం ప్రమాదకరం, మొదటి కొద్ది రోజులలో మరీ ఎక్కువ. నైట్రేటు కాండపు అడుగు భాగంలో అధికంగా ఉంటుంది కనుక కోత ఎత్తు పెంచడం, బెట్ట విరిచిన వాన తరువాత కనీసం వారం ఆగి కోయడం మేలు.

పరీక్షా నివేదికను చదవడంలో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంటుంది. కొన్ని ప్రయోగశాలలు నైట్రేటును, కొన్ని నైట్రేటు రూపంలోని నత్రజనిని తెలుపుతాయి. రెండవ అంకెను 4.43తో గుణిస్తే మొదటిది వస్తుంది. మేత పొడి పదార్థంలో నైట్రేటు-నత్రజని 1000 పి.పి.ఎం. లోపు ఉంటే సాధారణంగా సురక్షితం. 4000 దాటితే మేపరాదు. మధ్యలో ఉంటే ఇతర మేతతో కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. 4000 అన్న అంకె నైట్రేటుదైతే అది దాదాపు సురక్షితమైన మేత, నత్రజనిదైతే ప్రాణాంతకం.

గంధకానికి కూడా ఇటువంటి హద్దు ఉన్నది. రూమెన్‌లో సల్ఫేటు హైడ్రోజన్ సల్ఫైడుగా మారుతుంది. త్రేన్పుతో వెలువడిన ఆ వాయువును పశువు తిరిగి పీల్చుకుంటుంది. పరిమితి మించితే మెదడు కణజాలం మెత్తబడి, గుడ్డితనం, తల గోడకు ఆన్చి నిలబడడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. దాణా ఎక్కువగా ఉన్న ఆహారంలో గంధకం పొడి పదార్థంలో 0.3 శాతం, పశుగ్రాసం 40 శాతానికి తగ్గని ఆహారంలో 0.5 శాతం దాటరాదని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2005లో సూచించింది. మొలాసిస్, ఇథనాల్ కర్మాగారాల నుండి వచ్చే ఎండబెట్టిన ధాన్యపు పిప్పి దాణాలో చేరుతున్న కొద్దీ ఈ లెక్క అవసరం పెరుగుతున్నది. లెక్క వేసేటప్పుడు బోరు నీటిలోని సల్ఫేటును కూడా కలపాలి. వేసవిలో పశువు తాగే నీరు రెట్టింపు కావచ్చు. మేతలో గంధకం మారకపోయినా మొత్తం మోతాదు అప్పుడు హద్దు దాటే అవకాశం ఉన్నది.